పొద్దుటి కార్టూన్‌కి మొదటి కామెంటు

పీలో గెల్లాడ నిద్ర లేస్తూనే ఫోన్ తెరిచేవాడు. మొహం కడుక్కోవడం, కాఫీ పెట్టుకోవడం ఆ తర్వాతే. ఊరి పేపరు వాళ్ళు తమ పేజీలో రోజూ ఆరింటికి కార్టూన్ పెట్టేవాళ్ళు. ఆరు కావడానికి రెండు నిమిషాల ముందే ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, కాచుకుని ఉండేవాడు. బొమ్మ కనబడిందో లేదో, కింద మొదటి కామెంటు ఆయనదే. ఐదేళ్ళుగా ఒక్క రోజు కూడా ఎవరికీ ఆ చోటు వదిలిపెట్టలేదు, భార్య లూజ్ పోయిన పది రోజులు తప్ప.

మెచ్చుకోవడానికి కాదు, తిట్టడానికి. కార్టూన్లు గీసే నెస్తర్ ఫౌలాన్ మేయరు మీద రోజుకో వ్యంగ్యం విసిరేవాడు. వరద నీళ్ళలో మునిగిన వీధిలో మేయరు పడవేసుకుని ఓట్లు అడుగుతున్నట్టు, మూడోసారి తవ్విన రోడ్డుకి మూడోసారి రిబ్బను కత్తిరిస్తున్నట్టు. పీలోకి ఒళ్ళు మండేది.

"నెస్తర్, నీకు గీయడం చేతకాదని నిన్న చెప్పాను. ఇవాళ నువ్వే రుజువు చేశావు," అని రాసేవాడు.

నెస్తర్ ఎప్పుడో గాని జవాబివ్వడు. ఇస్తే మాత్రం, "పీలో అన్నా, మీకు నచ్చేలా గీసిన రోజున నా ఉద్యోగం ఊడుతుంది. ముందు టిఫిను కానివ్వండి," అనేవాడు. దానికి వందమంది నవ్వు బొమ్మలు పెట్టేవాళ్ళు. పీలో ఆ రోజంతా గొణుక్కుంటూ తిరిగేవాడు.

పక్క గుమ్మంలో చిన్న కొట్టు పెట్టుకున్న మరదలు బెలెన్ ఆటపట్టించేది. "బావా, ఆ మనిషితో నువ్వు మాట్లాడినన్ని మాటలు మా అక్కతో మాట్లాడి ఉంటే అది ఇంకో పదేళ్ళు బతికేది."

"నీ కొట్టు నువ్వు చూసుకోవే," అనేవాడు పీలో.

ఆదివారం మాత్రం తిట్టేవాడు కాదు. ఆదివారాల్లో నెస్తర్ రాజకీయాలు పక్కనపెట్టి నాలుగు గళ్ళ బొమ్మకథ వేసేవాడు. రేవు కాడ చిన్న హోటలు నడుపుకునే మొగుడూ పెళ్ళాల కథ అది. పెళ్ళాం చేపల పులుసు కాస్తుంది, మొగుడు అందులో ఉప్పు ఎక్కువైందంటాడు, గరిటె గాల్లోకి లేస్తుంది. అంతకు మించి ఏమీ ఉండేది కాదు. లూజ్‌కి అదంటే ప్రాణం. డయాలసిస్ కుర్చీలో నాలుగ్గంటలు కదలకుండా ఉండాల్సినప్పుడు, పీలో పాత ఆదివారాలవి వెతికి ఒక్కొక్కటే చదివి వినిపించేవాడు. పెళ్ళాం మాటలు సన్నని గొంతుతో, మొగుడి మాటలు బొంగురు గొంతుతో. పక్క కుర్చీల వాళ్ళు కూడా చెవులొగ్గేవాళ్ళు.

మేయరంటే ఆయనకి ఎందుకంత అభిమానమో ఆ కుర్చీలోనే ఉంది. లూజ్ కిడ్నీలు చెడిపోయేనాటికి పీలో రేవులో లెక్కల గుమాస్తాగా రిటైరై ఏడాది. వారానికి మూడుసార్లు డయాలసిస్ అన్నారు. అప్పుడు మేయరు ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది, ఈమె వైద్యం ఖర్చు మేం చూసుకుంటామని. ఆ ఉత్తరాలతోనే లూజ్ నాలుగేళ్ళు బతికింది. ఒకసారి మేయరే ఆసుపత్రికి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, "అక్కా, భయపడకు," అన్నాడు. ఆ ఒక్క మాటకి పీలో జీవితాంతం కట్టుబడిపోయాడు. మిగతాదేదైనా ఆయన వినదలచుకోలేదు.

లూజ్ పోయిన రెండో ఏడు, మార్చి నెలలో ఒక మంగళవారం, ఆ బొమ్మ వచ్చింది.

పొడుగాటి వరస. జబ్బు మనుషులంతా మోకాళ్ళ మీద నడుస్తున్నారు. వరస చివర ఒక కిటికీ. కిటికీలోంచి ఉంగరాల చెయ్యి ఒకటి బయటికి చాచి ఉంది, ముద్దు పెట్టుకోమన్నట్టు. వేళ్ళ సందున ఒక ఉత్తరం. వరసలో అందరికన్నా వెనక, ప్లాస్టిక్ స్టూలు మీద ఒక ఆడమనిషి, ఒళ్ళో గుడ్డసంచీ పెట్టుకుని కూర్చున్న చోటే నిద్రపోతోంది.

పీలో బొమ్మని వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. ఆ సంచీ, ఆ తల వాల్చడం, చీలమండల దగ్గర ఆ వాపు. లూజ్ అచ్చం అలాగే కూర్చునేది. పోయిన మనిషిని తీసుకొచ్చి నలుగురూ నవ్వడానికి వీధిలో కూర్చోబెట్టాడు వీడు, అనుకున్నాడు.

ఆ రోజు కామెంటు రాయలేదు. తన సొంత పేజీలో పెద్ద పోస్టు రాశాడు. లూజ్ ఫోటో పెట్టాడు. "నా భార్య ఎవరి ముందూ మోకరిల్లలేదు. డయాలసిస్ రోగులని ఎగతాళి చేసే మనిషి చేతిలో కుంచె ఎందుకు? మీ ఇంట్లో ఎవరికీ ఈ రోగం రాకూడదని దేవుణ్ణి ప్రార్థించుకో నెస్తర్," అని ముగించాడు. రాస్తూ ఏడ్చాడు. రాశాక మనసు తేలికపడింది.

మధ్యాహ్నానికల్లా ఆ పోస్టు ఊరు దాటింది. బెలెన్ కొట్టులోంచి తొంగి చూసి, "బావా, చేపల బజారులో నీ పోస్టు గట్టిగా చదువుతున్నారు. ఒకావిడ ఏడ్చేసింది కూడా," అంది. ఆమె గొంతులో ఈసారి ఎగతాళి లేదు.

"ఏడవాల్సిన సంగతే మరి," అన్నాడు పీలో.

మూడోరోజు మేయరు మనిషి దెల్ఫిన్ వచ్చాడు. నున్నగా దువ్విన జుట్టు, చేతిలో రెండు ఫోన్లు. వెంట ఒక లాయరు. బల్ల మీద టైపు కొట్టిన కాగితాలు పరిచారు. నెస్తర్ మీద ఇంటర్నెట్‌లో పరువునష్టం కింద కేసు వేస్తున్నారట, పీలో సాక్షిగా అఫిడవిట్ ఇవ్వాలట.

పీలో చదివాడు. మధ్యలో ఒక వాక్యం దగ్గర ఆగాడు. "ఈ బొమ్మ చూడగానే మేయరు గారు ఉత్తరాలు అమ్ముకుంటున్నారని నాకు అర్థమైంది." 

"నేనలా అనలేదే," అన్నాడు.

"లా భాష అలాగే ఉంటుంది పెద్దాయనా," అన్నాడు లాయరు. "బొమ్మ వల్ల మేయరు గారి పరువు పోయిందని కోర్టుకి అర్థం కావాలంటే సాక్షి ఇలాగే చెప్పాలి."

"అక్క ఆత్మ శాంతిస్తుంది," అన్నాడు దెల్ఫిన్, గోడ మీది లూజ్ ఫోటో వంక చూస్తూ.

పీలో సంతకం పెట్టాడు.

వారం తిరక్కుండా పేపరు వాళ్ళు చేతులెత్తేశారు. ఆరింటికి బొమ్మ రావలసిన చోట రెండు ముక్కల ప్రకటన వచ్చింది. కార్టూన్ ఇకమీదట ఉండదు, ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే మన్నించాలి. అంతే. పీలో దాని కింద "న్యాయం గెలిచింది" అని టైపు చేశాడు, మళ్ళీ చెరిపేశాడు. ఎందుకు చెరిపాడో ఆయనకే తెలియలేదు. ఆరూ ఐదు అయింది. ఆరుంపావు అయింది. కాఫీ తాగాడు. గదులు ఊడ్చాడు. ఎనిమిది కావడానికి ఇంకా చాలాసేపు పట్టింది.

ఆదివారం వచ్చాక గాని ఆయనకి రెండో సంగతి తట్టలేదు. రేవు కాడి హోటలు కూడా మూతపడింది. రెండూ ఒక చేత్తో గీసినవే కదా. కింద ఎవరెవరో అడుగుతున్నారు, "మా పులుసావిడ ఏదీ?" అని. దుబాయ్‌లో పనిచేసే ఒక నర్సు, "ఆదివారం డ్యూటీ దిగాక నాకు అదొక్కటే మా ఊరు," అని రాసింది. పీలో ఫోన్ మూసేశాడు.

దెల్ఫిన్ ఆయన్ని ఊరికే వదల్లేదు. మేయరు పక్కన నిలబెట్టి ఫోటో తీయించాడు. పేరు కుట్టిన చొక్కా ఒకటి ఇచ్చి, మేయరు ఆఫీసులో వైద్యసాయం ఉత్తరాలిచ్చే కౌంటర్ దగ్గర గురువారాలు వరస చూసుకునే పని అప్పగించాడు. జీతం లేదు, గౌరవం ఉంది. పీలోకి అది బాగానే నచ్చింది. రేవులో ముప్పయ్యేళ్ళు బస్తాలని వరసలో పెట్టించిన మనిషి. నంబర్లు పిలిచి, ముసలివాళ్ళకి కుర్చీలు వేసి, మంచినీళ్ళు ఇచ్చేవాడు.

జూన్‌లో ఒక గురువారం నలభై రెండో నంబరు పిలిచి, కాగితంలో పేరు చూసి ఆగిపోయాడు. లోర్నా ఫౌలాన్. నెస్తర్ ఇంటిపేరే.

యాభై దాటిన ఆవిడ. నీరు పట్టిన కాళ్ళు, మోచేతి దగ్గర సూదుల గడ్డలు. ఒళ్ళో గుడ్డసంచీ. కౌంటర్‌లోని అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, మొహం తిప్పుకుని, "సంతకం కాలేదమ్మా. వచ్చేవారం రండి," అంది.

"పోయినవారమూ ఇదే అన్నారు. అంతకుముందు వారమూ ఇదే అన్నారు," అంది లోర్నా. గొంతు పెంచలేదు.

"నన్నేం చేయమంటారు? పైన ఆపారు."

ఆవిడ తిరిగి వస్తుంటే పీలో కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చుని, ఆయన చొక్కా మీద కుట్టిన పేరు చదివింది.

"గెల్లాడ. మీరు పీలో అన్నగారే కదూ?"

ఆయన తలూపాడు.

"ఆరింటికి మీరేం రాశారోనని ఎదురుచూసేవాళ్ళం," అందావిడ. "మా ఆయన టిఫిను తింటూ మీ తిట్లన్నీ నాకు చదివి వినిపించేవాడు. మీ గొంతు ఎలా ఉంటుందో ఊహించుకుని బొంగురుగా చదివేవాడు. ఇలా సన్నగా ఉంటుందనుకోలేదు."

"అమ్మా, మీకు ఇది... ఎప్పట్నుంచి?"

"మూడేళ్ళు."

"మరి ఆ బొమ్మలో..."

"నేనే. ఇంకెవరనుకున్నారు? ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి వరసలో కూర్చున్నా, పదకొండింటికి కిటికీ మూసేశారు. ఇంటికెళ్ళి, ఇది గీయి, లేకపోతే నీకు అన్నం పెట్టను అన్నాను. గీశాక మళ్ళీ నేనే పోట్లాడాను, నన్ను అంత లావుగా వేశావేంటని." ఆవిడ నవ్వబోయి ఆయాసపడింది. "మీ ఆవిడని ఎగతాళి చేశాడని మీరు రాసింది చదివి ఆయన రెండు రోజులు కుంచె ముట్టలేదు. మీకు జవాబు రాయమని నేను చెప్పాను. ఏం రాసినా కేసులో వాడతారని లాయరు ఒప్పుకోలేదు."

"మీ ఇంట్లో ఎవరికీ ఈ రోగం రాకూడదని..." అన్నాడు పీలో, మాట పూర్తి చేయలేక.

"అవును, అదీ చదివాం," అందావిడ. సంచీ భుజానికి తగిలించుకుని, గోడ పట్టుకుని మెల్లగా బయట ఆగిన అద్దె ట్రైసికిల్ బండి దగ్గరికి నడిచింది.

పీలో తిన్నగా మేడ మీదికి, దెల్ఫిన్ దగ్గరికి వెళ్ళాడు. 

"ఆవిడ ఉత్తరం ఆపకు బాబూ. ఆవిడకీ కేసుకీ సంబంధం లేదు."

"ఎవరాపారు? కాగితాలు పరిశీలనలో ఉన్నాయి."

"మా లూజ్‌కి ఒక్క రోజులో ఇచ్చారు."

"అక్క మనవాళ్ళావిడ," అన్నాడు దెల్ఫిన్, అదేమంత పెద్ద సంగతి కాదన్నట్టు.

నాలుగేళ్ళు తను కళ్ళకద్దుకున్న ఉత్తరం ఏమిటో పీలోకి ఆ క్షణాన తెలిసింది. "నేనిచ్చిన అఫిడవిట్ వెనక్కి తీసుకుంటాను," అన్నాడు.

"అదేం కొట్టులో కొన్న లాంతరా, నచ్చలేదని తిరిగివ్వడానికి? కేసు ఇప్పుడు ప్రభుత్వానిది. అబద్ధం చెప్పానని మీరంటే లోపలికి వెళ్ళేది మీరే. ఎండలో నిలబడి అలసిపోయారు, ఇంటికెళ్ళండి."

పీలో చొక్కా విప్పి కుర్చీ మీద పెట్టి, బనీనుతో మెట్లు దిగాడు.

ఆ సాయంత్రం తన పేజీలో మళ్ళీ రాశాడు. తను పొరబడ్డానని, ఆ బొమ్మలోది నెస్తర్ భార్యేనని, ఆవిడ ఉత్తరం ఆపారని. మొదటి పోస్టు వేలమంది పంచుకున్నారు. దీన్ని పదకొండుమంది. కింద మాత్రం తిట్లు కుండపోతగా పడ్డాయి. ముసలాడు అమ్ముడుపోయాడు, తిన్నింటివాసాలు లెక్కపెడుతున్నాడు, చచ్చిన పెళ్ళాం పేరు చెప్పుకుని బతుకుతున్నాడు. నెస్తర్‌ని తను తిట్టిన తిట్లు కూడా కొన్ని అందులో ఉన్నాయి. వాటిని ఆయన గుర్తుపట్టాడు. ఒక్కదానికీ జవాబివ్వలేదు.

బెలెన్ ఒక గిన్నెలో వేడి గంజి తెచ్చి బల్ల మీద పెట్టింది. "తిను బావా. ఫోన్ ఇటియ్యి."

"నేనేం చేశానో తెలుసా నీకు?"

"తెలుసు. ముందు తిను."

లోర్నాకి వేరే చోట వారానికి మూడు డయాలసిస్‌లకి బదులు ఒకటే దొరుకుతోందని తర్వాత తెలిసింది. పీలో బెలెన్‌ని వెంటబెట్టుకుని చర్చిలో ఫాదర్‌ని అడిగాడు, రేవు కార్మికుల సంఘాన్ని అడిగాడు. సంఘం వాళ్ళు రెండో దానికి ఏర్పాటు చేశారు. మూడోది కుదరకముందే, ఆగస్టులో తుపాను వచ్చి మూడు రోజులు రోడ్లు మూసుకుపోయిన వారంలో, లోర్నా చనిపోయింది. ఉత్తరం ఉంటే బతికేదా అంటే, తుపానుకి ఉత్తరంతో పనేముంది అని కొందరన్నారు. పీలో మాత్రం ఆ మాటతో ఊరట పొందలేకపోయాడు.

అక్కడి ఆచారం ప్రకారం శవాన్ని మందు పూసి వారం దాకా ఇంట్లోనే ఉంచారు. నాలుగో రోజు మధ్యాహ్నం, జనం తక్కువగా ఉండే వేళ చూసి వెళ్ళాడు. ముందుగదిలో పెట్టె, దాని చుట్టూ తెల్లపూలు. వాకిట్లో జాగారానికి వచ్చిన ఇద్దరు ముసలివాళ్ళు పేకాడుతున్నారు. పెట్టె అద్దంలోంచి లోర్నా మొహం కాస్త కోపంగా ఉన్నట్టుంది. పీలో సిలువ గుర్తు వేసుకుని నిలబడ్డాడు.

పక్కన బక్కపలచటి మనిషి బిస్కెట్ల పళ్ళెం పట్టుకుని వచ్చాడు. వేళ్ళ కొసల్లో నల్లసిరా ఇంకా వదల్లేదు.

"తీసుకోండి."

"నేను పీలోని," అన్నాడు ఆయన.

నెస్తర్ పళ్ళెం కింద పెట్టాడు. కోప్పడతాడని పీలో ఎదురుచూశాడు. కోప్పడితే బాగుండుననుకున్నాడు.

"కూర్చోండి," అన్నాడు నెస్తర్. ఇద్దరూ ప్లాస్టిక్ కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నారు. "మీరు కౌంటర్ దగ్గర కుర్చీ వేశారని చెప్పింది."

"నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను."

"ఇప్పుడు నన్నడక్కండి. నాకు తెలీదు." వేలి కొసన సిరా మరకని గోటితో గీరాడు. "మీరు తిడతారని తెలిసే కొన్ని గీసేవాణ్ణి. ఈ గీతకి పీలో ఏమంటాడో చూద్దాం అనుకునేవాణ్ణి. ఊళ్ళో అంత శ్రద్ధగా చూసినవాడు ఇంకొకడు లేడు. అందుకే మీరు రాసిన ఆ పోస్టు..." ఆగిపోయాడు. "వేరేవాడు రాసి ఉంటే ఇంత పట్టేది కాదు."

"మళ్ళీ గీస్తావా?"

"ఎవరికి?"

పీలో లేచాడు. చావింట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదు, వాళ్ళూ సాగనంపకూడదు. నెస్తర్ కుర్చీలోంచి కదల్లేదు. పీలో తిన్నగా ఇంటికి పోకుండా బజారులో ఒక బల్ల మీద, చేపల బుట్టలు కడిగే నీళ్ళు కాళ్ళ కిందుగా పారుతుంటే, చీకటి పడేవరకు కూర్చున్నాడు.

కేసు నవంబరులో విచారణకి వచ్చింది. ప్రభుత్వ లాయరు అఫిడవిట్ చదివి, "ఈ బొమ్మ చూసి మేయరుగారు ఉత్తరాలు అమ్ముకుంటున్నారని మీకు అర్థమైంది, అవునా?" అని అడిగాడు.

"లేదండి," అన్నాడు పీలో.

"సంతకం మీదేనా?"

"నాదే. ఆ వాక్యం నాది కాదు. అయినా సంతకం పెట్టాను, అది నా తప్పే."

"మరి మీకేం అర్థమైంది?"

"నాకు నా భార్య కనబడింది. కోపం వచ్చింది. అంతకు మించి ఆ రోజు నాకేమీ అర్థం కాలేదు."

అబద్ధపు ప్రమాణం చేసినందుకు మీ మీద చర్య తీసుకోవచ్చు తెలుసా అని లాయరు బెదిరించాడు. తెలుసన్నాడు పీలో. జడ్జి కళ్ళజోడు తీసి, ఆయన్ని ఒకసారి చూసి, వాయిదా వేశాడు. ముద్దాయి బల్ల దగ్గర కూర్చున్న నెస్తర్ తలెత్తలేదు.

కేసు ఇంకో ఏడాది ఈడ్చి, చివరికి కొట్టేశారు. పీలో మీద చర్యేమీ తీసుకోలేదు, బహుశా ఎవరికీ ఓపిక లేక. ఆ వార్త పేపరులోనూ రాలేదు, పేపరు పేజీలోనూ రాలేదు. కోర్టు గుమాస్తా చెబితే తెలిసింది. మేయరు అంతకుముందే మళ్ళీ గెలిచాడు.

నెస్తర్ అప్పటికే ఊరు వదిలి దూరాన మిందనావ్ దీవిలో అక్కగారింటికి వెళ్ళిపోయాడు. నంబరు సంపాదించి పీలో ఫోన్ చేశాడు. అవతల గాలి, బండ్ల చప్పుడు.

"కేసు పోయింది నెస్తర్. కొట్టేశారు."

"అలాగా. లాయరు చెప్పలేదు." అవతల ఏదో డబ్బా కదిలిన చప్పుడు. "నిచ్చెన మీదున్నా అన్నా. టైర్ల కొట్టుకి బోర్డు రాస్తున్నా. రంగు ఆరిపోతోంది."

"సరే, సరే. రాసుకో," అన్నాడు పీలో.

లైను తెగింది. బెలెన్ కొట్టు అరుగు మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. ఏమన్నాడు బావా అని అడిగింది. పీలో చెప్పాడు. ఆమె జరిగి పక్కన చోటిచ్చింది.